ఓల్డ్ బాయ్స్ నిలబెట్టిన ఫుట్‌బాల్.. మీకు తెలుసా?

ఉప్పల్ అనగానే ఎవరికైనా క్రికెట్ స్టేడియమే గుర్తొస్తుంది. మ్యాచ్ రోజున మెట్రో నిండా జెర్సీలే. కానీ ఆ స్టేడియం స్టేషన్ నుంచి అదే లైన్‌లో మూడో స్టేషన్ తార్నాక. అక్కడ దిగితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. నాచారం వాళ్లకైతే హబ్సిగూడ దాటితే చాలు. ఆ విశ్వవిద్యాలయంలో, దాని కాలేజీల్లో చదువుకుంటూ ఆడినవాళ్లు, చదువు అయిపోయాక కూడా జట్టును వదలనివాళ్లు హైదరాబాద్‌ను దేశ ఫుట్‌బాల్‌కు పెద్ద దిక్కుగా నిలబెట్టారు. ఈ మాట మన కాలనీల పిల్లలకు చెప్పేవాళ్లు తగ్గిపోయారు. అందుకే కొన్ని సంగతులు ఇక్కడ.

భారత ఫుట్‌బాల్‌లో అందరికంటే గొప్ప కోచ్ మన ఉస్మానియా విద్యార్థి అని మీకు తెలుసా?

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరంతా రహీం సాబ్ అనేది. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో బీఏ చదివారు, విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా భారత జట్టు ఆయన చేతిలోనే ఉంది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌పై 1-0తో గెలిచి స్వర్ణం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా నుంచి అంతదూరం వెళ్లిన మొదటి జట్టు మనదే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి మళ్లీ స్వర్ణం. అప్పటికే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆ విజయం తర్వాత ఏడాది కూడా గడవకుండానే, 1963 జూన్ 11న వెళ్లిపోయారు.

2024లో అజయ్ దేవగణ్ నటించిన ‘మైదాన్’ ఈయన కథే. ఆ సినిమా చూసి వచ్చినవాళ్లలో ఎంతమంది ఆయన మన ఉస్మానియాలోనే చదువుకున్నారని అనుకుని ఉంటారు?

పాత విద్యార్థులే జట్టుగా మారిన కాలం ఒకటుందని తెలుసా?

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇది. విశ్వవిద్యాలయం జట్టులో ఆడిన రహీం సాబ్ ఆ తర్వాత ‘ఎలెవెన్ హంటర్స్’ అనే జట్టుకు ఆడారు. అందులో ఉన్నది సిటీ కాలేజీ విద్యార్థులు, అక్కడ చదివి వెళ్లినవాళ్లు. ఈ రోజుల్లో పూర్వ విద్యార్థుల సమ్మేళనం అంటే ఏడాదికో రోజు కలిసి, భోంచేసి, ఫొటో దిగి వెళ్లిపోవడం. అప్పట్లో వాళ్లు సాయంత్రమయ్యేసరికి బూట్లు పట్టుకుని మైదానంలో కలిసేవారు. జూనియర్ పక్కన సీనియర్ ఆడేవాడు. పాస్ ఎప్పుడివ్వాలో, ఎప్పుడు ఆగాలో పక్కనున్నవాడిని చూసి నేర్చుకునేవాడు. కోచింగ్ సెంటర్లు లేని రోజుల్లో ఆట ఒక తరం నుంచి మరో తరానికి అందింది ఈ దారిలోనే.

‘సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్’ పేరుతో నగరంలో ఒక క్లబ్బు కూడా ఉండేది. రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం ఆ క్లబ్బుకు ఆడారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో ఆయన ఒకరు. వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేశారు, ఫిఫా రిఫరీ అయ్యారు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. 2021 ఆగస్టులో కన్నుమూశారు.

ఆ సిటీ కాలేజీ ఉస్మానియాలో భాగమేనని?

అవును. దారుల్ ఉలూమ్ మదర్సా దీనికి మూలం. అది సిటీ హైస్కూల్ అయింది. 1921లో ఇంటర్మీడియట్ తరగతులు పెట్టి ఉస్మానియా కిందికి తెచ్చారు. 1929లో సిటీ కాలేజీ అయింది. మూసీ ఒడ్డున, హైకోర్టు పక్కన ఉన్న ఆ భవనానికి నమూనా గీసింది విన్సెంట్ ఎష్. అటుగా వెళ్లినప్పుడు ఆ గోడల్ని ఒక్కసారి ఫుట్‌బాల్ కళ్లతో చూడండి.

ఒక బడిపంతులు ఒలింపిక్ జట్టును తయారు చేశారని తెలుసా?

రహీం సాబ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, ఉర్దూ షరీఫ్ స్కూల్లో, దారుల్ ఉలూమ్ హైస్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, తర్వాత బడిలో ఆటల బాధ్యత తీసుకున్నారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఏళ్ల తరబడి పనిచేశారు.

ఆయన పెట్టిన పోటీలు చూస్తే ఆయనలోని పంతులు కనిపిస్తాడు. ఒక టోర్నమెంట్‌లో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి కాలికి తగలగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి ఆటగాడికి ఎడమకాలు అలవాటు కావాలంటే ఉపన్యాసం ఇస్తే కాదు, ఆ కాలితో ఆడక తప్పని పరిస్థితి తేవాలి. ఆటలో స్వార్థం పోవాలన్నా అంతే. నేటి యూరప్ అకాడమీల్లో పిల్లలతో వన్ టచ్ ఆట ఆడించడం చూసి అబ్బురపడుతున్నాం. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పనిచేసిన మాస్టారు అంతకు దశాబ్దాల ముందే ఆ పని చేశారు.

ఏకధాటిగా ఐదేళ్లు రోవర్స్ కప్పు హైదరాబాద్‌దేనని?

రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు తెచ్చింది. 1950లోనే డ్యూరాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా జట్టు మోహన్ బగాన్‌ను ఓడించింది. మొదటి మ్యాచ్ 2-2తో ఆగితే, మళ్లీ ఆడి 1-0తో గెలిచారు. ఆ తర్వాత రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57లో, 1957-58లో గెలుచుకుంది. ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో మరోసారి వచ్చింది. బాగా ఆడే కుర్రాడికి పోలీసు కొలువు దొరికేది. చదువు, ఆట, ఉద్యోగం ఒకే తాడు మీద నడిచేవి. ఆ తాడు తెగిన చోటే మన ఫుట్‌బాల్ వెనకబడిందని నా నమ్మకం.

నాచారానికి ఉత్తరాన, మల్కాజిగిరి దాటాక ఒక ఒలింపియన్ ఊరుందని తెలుసా?

ఆ ఊరు అమ్ముగూడ. తులసీదాస్ బలరాం పుట్టింది అక్కడే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బలమైన హంగేరీ చేతిలో 1-2తో ఓడిపోయినప్పుడు మన ఒక్క గోలూ ఆయనదే. పెరూపై కొట్టిన గోలూ ఆయనదే. జకార్తా స్వర్ణం గెలిచిన జట్టులో చునీ గోస్వామి, పీకే బెనర్జీలతో పాటు ఆయన మూడోవాడు. బెంగాల్‌లో ఆ ముగ్గురి పేర్లు ఒకే ఊపిరిలో చెబుతారు. ఆయన 2023 ఫిబ్రవరి 16న వెళ్లిపోయారు. మన వైపు ఒక వీధికైనా ఆ పేరు పెట్టుకోవాలి. ఇది నా కోరిక.

పెలే ఆడిన మ్యాచ్‌లో గోల్ కొట్టిన హైదరాబాదీ ఎవరు?

మహమ్మద్ హబీబ్. 1977 సెప్టెంబర్ 24న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచింది. ఆ రెండిట్లో ఒక గోల్ హబీబ్‌ది. బెంగాలీలు ఆయన్ని ‘బడే మియా’ అని నెత్తిన పెట్టుకున్నారు. తమ్ముడు అక్బర్ అంతకు ముందు ఏడాదే ఈస్ట్ బెంగాల్‌పై ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టాడు. అక్కడ ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస చేప, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు వండుకుంటారు. అభిమానం వంటింటి దాకా వెళ్లిందంటే ఆ ఆట బతికున్నట్టే. హబీబ్ 2023 ఆగస్టు 15న, స్వాతంత్ర్య దినాన, కన్నుమూశారు.

నుమాయిష్‌ను మొదలుపెట్టింది కూడా ఉస్మానియా పట్టభద్రులేనని?

ఇది ఫుట్‌బాల్ కాదు కానీ, చదివినచోటును వదలనివాళ్లు ఏం చేయగలరో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం వాళ్లు రాష్ట్రంలో ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు. ఆ ఆలోచన నుంచే స్థానిక వస్తువుల ప్రదర్శన మొదలైంది. మొదట పబ్లిక్ గార్డెన్స్‌లో, 1946 నుంచి నాంపల్లిలో. ఇప్పటికీ జనవరిలో మనం పిల్లల్ని తీసుకెళ్లేది అక్కడికే. దాన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు కూడా నడుపుతోంది.

అమెరికాలో మన పిల్లలు చూసే ఫుట్‌బాల్ మొదట ఎలా ఉండేదో తెలుసా?

ఉప్పల్, నాచారం, హబ్సిగూడలో అమెరికాకు పిల్లల్ని పంపిన ఇళ్లు ఎన్నో. శనివారం రాగానే వాళ్లు యూనివర్సిటీ రంగు టీషర్టు వేసుకుని స్టేడియానికి వెళ్లిన ఫొటో పంపిస్తారు. అక్కడ కాలేజీల మధ్య మొదటి మ్యాచ్ 1869 నవంబర్ 6న న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ మధ్య జరిగింది. రట్గర్స్ 6-4తో గెలిచింది. జట్టుకు 25 మంది. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తకూడదు. అంటే అది ఇప్పటి అమెరికన్ ఫుట్‌బాల్ కంటే మన ఫుట్‌బాల్‌కే దగ్గర. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్ నుంచి ఆ రట్గర్స్ క్యాంపస్ ఎంతో దూరం కాదు.

మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో 1,07,601 మంది పడతారు. మన ఉప్పల్ స్టేడియంలో పట్టేది దాదాపు 39 వేలు. ఒక విశ్వవిద్యాలయం జట్టు కోసం అంతమంది రావడం వెనక పాత విద్యార్థులే ఉన్నారు. ముప్పై ఏళ్ల కింద చదివి వెళ్లినవాడు కొడుకును వెంటబెట్టుకుని వస్తాడు.

టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం సంగతి ఇంకా బాగుంటుంది. 1922 జనవరి 2న డాలస్‌లో ఆ జట్టు ఆటగాళ్లు ఒక్కొక్కరే గాయపడుతుంటే, పైన ప్రెస్ బాక్సులో ఉన్న కింగ్ గిల్ అనే విద్యార్థిని కోచ్ కిందికి పిలిచాడు. అతను యూనిఫాం వేసుకుని చివరిదాకా సిద్ధంగా నిలబడ్డాడు. అతన్ని ఆడించాల్సిన అవసరం రాలేదు, జట్టు గెలిచింది. అతన్ని ‘పన్నెండో ఆటగాడు’ అన్నారు. దానికి గుర్తుగా అక్కడి విద్యార్థులు ఆటంతా నిలబడే చూస్తారు.

ఉప్పల్ నుంచి వరంగల్ వెళ్లే దారిలోని కాలేజీ పేరు ఐ-లీగ్‌లో వినిపించిందని?

ఘట్‌కేసర్ దగ్గర యమ్నంపేటలో శ్రీనిధి ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అదే విద్యాసంస్థల సమూహానిది శ్రీనిధి డెక్కన్ ఫుట్‌బాల్ క్లబ్బు. 2021-22లో జాతీయ ఫుట్‌బాల్ లీగుల్లో ఒకటైన ఐ-లీగ్‌లో అడుగుపెట్టింది. 2022-23లో, 2023-24లో వరుసగా రెండో స్థానంలో నిలిచింది. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి టైటిల్ గెలిచింది. ఆ జట్టు అభిమానులు ‘డెక్కన్ లెజియన్’ పేరుతో ఒక గుంపు కట్టి పాటలు పాడేవారు.

విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్‌కు దేశమంతటికీ ఒక కప్పుందని?

సర్ ఆశుతోష్ ముఖర్జీ ట్రోఫీ. 1941లో మొదలైంది. ముందు ఉస్మానియా అనుబంధ కాలేజీల మధ్య పోటీలు. అందులో బాగా ఆడినవాళ్లను ఏరి విశ్వవిద్యాలయం జట్టు కడతారు. ఆ జట్టు దక్షిణ మండలంలో మద్రాసు, కాలికట్, కేరళ లాంటి విశ్వవిద్యాలయాలతో తలపడుతుంది. అక్కడ నెగ్గితే అఖిల భారత పోటీలు. వీటిని చూసేది 1925లో ఏర్పడిన భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం. 2020లో భువనేశ్వర్‌లో ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడలు మొదలయ్యాక విద్యార్థులకు మరో వేదిక దొరికింది.

కాలేజీల మధ్య జరిగే ఈ మ్యాచ్‌లకు టికెట్లు అమ్మరు. గట్టు మీద నిలబడి చూడొచ్చు. ఉస్మానియాలో చదివి ఉప్పల్, నాచారం, రామంతాపూర్, హబ్సిగూడల్లో స్థిరపడిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఈసారి కాలేజీల పోటీలు పెట్టినప్పుడు నోటీసు చూసి, తార్నాకలో దిగి, మీ కాలేజీ ఎవరితో ఆడుతోందో అడగండి.