త్రాసు చెప్పని సంగతి

మా మేనల్లుడికి ఇప్పుడు పధ్నాలుగేళ్లు. బారసాలనాడు బియ్యంలో రాసిన పేరు ఒకటైతే, వాడి ఆరో ఏట నేను పెట్టిన పేరు మరొకటి: 'బూరె'. పెట్టిన రోజున ఇల్లంతా నవ్వింది, వాడూ నవ్వాడు. పేరు చిన్నదే గాని, దానికి కాళ్లున్నాయి. మా అక్కయ్యగారి వీధి దాటి, బడి గడప దాటి, వాడి తరగతిలోకి పోయి కూర్చున్నది.

క్రిందటేడు తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టాక వాడికి సోమవారం వస్తే కడుపునొప్పి, ఆటల పీరియడు ఉన్ననాడు తలనొప్పి. పెళ్లిలో ఫోటో తీస్తామంటే పెద్దల వెనక్కి పోయి దాక్కునేవాడు.

"ఎదిగే పిల్లాడు, నాలుగేళ్లు పోతే వాడే సన్నబడతాడు" అనేది మా అక్కయ్య. మన ఇళ్లల్లో పిల్లవాడు చిక్కితే దిగులుగాని, బొద్దుగా ఉంటే దిగులెవరికి? చివరికి మెట్లెక్కి ఆయాసపడుతుంటే చూడలేక, విజయవాడలోనే ఒక పిల్లల వైద్యురాలి దగ్గరికి తీసుకుపోయాం.

రెండు కాగితాలు

డాక్టరమ్మ వాణ్ణి తూచింది: 78 కిలోలు. ఎత్తు 158 సెంటీమీటర్లు. కిలోల బరువును, మీటర్లలోని ఎత్తును ఎత్తుతోనే హెచ్చవేయగా వచ్చిన దానితో భాగిస్తే 31 వచ్చింది. పెద్దలకైతే ఆ అంకె ఒక్కటీ చాలు. పిల్లలకు మాత్రం వయస్సునుబట్టి, ఆడో మగో చూసి, పట్టికతో పోల్చాలి. మన పిల్లల కోసం భారత శిశువైద్యుల సంఘం 2015లో సవరించిన పట్టికలున్నాయి. వాటి ప్రకారం మావాడిది స్థూలకాయమే.

మేము పథ్యం చీటీ కోసం చెయ్యి చాచాం. ఆమె ప్రశ్నల కాగితాలు రెండు తీసి, ఒకటి వాడికి, ఒకటి అక్కయ్యకు ఇచ్చి చెరో మూల కూర్చోబెట్టింది. జేమ్స్ వార్నీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు తయారుచేసిన 23 ప్రశ్నలవి. గడచిన నెలలో నడకకు, పరుగుకు కష్టమైనదా? భయం, దిగులు కలిగాయా? తోటివాళ్లు ఏడిపించారా? బడి మానవలసి వచ్చిందా? 'ఎప్పుడూ లేదు' మొదలు 'దాదాపు ఎల్లప్పుడూ' వరకు అయిదు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టాలి.

ఏడిపించడం గురించిన ప్రశ్న దగ్గర అక్కయ్య 'ఎప్పుడూ లేదు' అని గుర్తుపెట్టింది. వాడు 'దాదాపు ఎల్లప్పుడూ' అని పెట్టాడు. "ఏమని ఏడిపిస్తారు నాయనా?" అని డాక్టరమ్మ అడిగితే వాడు నావైపు చూసి తలవంచుకున్నాడు. నాకు నోట మాట రాలేదు.

ఇది మావాడి ఒక్కడి కథ కాదు. 2003లో అమెరికాలోని శాన్‌డియాగోలో తీవ్ర స్థూలకాయం గల 106 మంది పిల్లలను ఇలాగే ప్రశ్నించారు. వాళ్ల బ్రతుకులోని సుఖసంతోషాలకు వచ్చిన మార్కులు, క్యాన్సరుతో బాధపడే పిల్లల మార్కులకు దగ్గరగా ఉన్నాయట! ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 5 నుంచి 19 ఏళ్ల వారిలో స్థూలకాయులు 1990లో నూటికి ఇద్దరు; 2022 నాటికి నూటికి ఎనిమిది మంది.

ఇల్లంతా పథ్యం

"వాడికేం పెట్టమంటారు?" అన్నది అక్కయ్య.

"వాడికని వేరే ఏమీ వద్దు. మీరంతా ఏం తింటారో చెప్పండి" అన్నది డాక్టరమ్మ.

ఆ మాటకు పునాది ఉన్నది. లెనార్డ్ ఎప్‌స్టీన్ అనే అమెరికా పరిశోధకుడు కొన్ని కుటుంబాలను పదేళ్లపాటు గమనించి 1990లో ఫలితాలు ప్రకటించాడు. తల్లిదండ్రులు, పిల్లలు కలిసి అలవాట్లు మార్చుకున్న ఇళ్లల్లో పిల్లల అధిక బరువు పదేళ్ల తరువాత కూడా తగ్గే ఉన్నది. అమెరికా శిశువైద్యుల సంఘం 2023లో చెప్పినదీ అదే: కుటుంబమంతా పాల్గొనాలి, 3 నుంచి 12 నెలల్లో కనీసం 26 గంటలైనా శిక్షణ ఉండాలి. ఒక చీటీతో తేలే పని కాదన్నమాట.

మేము ఆరు నెలలు వారం వారం వెళ్లాం. అన్నం మానిపించలేదు, మారు వడ్డన మానాం. కూర, పప్పు పెరిగాయి. జంతికల డబ్బా అటక ఎక్కింది. రంగునీళ్ల సీసాలు గడప తొక్కలేదు. భోజనం దగ్గర టీవీ, ఫోను బంద్. పిల్లలకు రోజుకు గంట సేపు ఒళ్లు అలవాలి గనుక, మా బావగారు సాయంత్రాలు వాణ్ణి వెంటబెట్టుకొని బందరు కాలవ గట్టున నడిచారు. మొదటి వారం ఆయనకే ఎక్కువ ఆయాసం వచ్చింది! రాత్రి పదింటికల్లా దీపాలు ఆర్పేశాం.

కడుపు మాడ్చడం, ప్రకటనల్లోని పొడులు తాగించడం కూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పన్నెండేళ్లు దాటినవారికి ఈమధ్య సూదిమందులూ వచ్చాయి. అయితే అవి వైద్యుని నిర్ణయం మీద, ఈ అలవాట్లకు తోడుగా వాడేవేగాని వీటికి బదులు కావు.

నాకు వేరే పథ్యం రాసింది: ఆ పేరు మానెయ్యాలి. ఆ రాత్రే వాడి గదిలోకి పోయి, "తప్పు నాదిరా" అన్నాను. వాడు పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "సర్లే మామయ్యా" అన్నాడు.

లెక్క తేలిన రోజు

ఆరు నెలలకు మళ్లీ తూచారు: 76. అక్కయ్య ముఖం చిన్నబోయింది. "ఇన్ని తిప్పలకూ రెండు కిలోలేనా?"

డాక్టరమ్మ నవ్వి, "పిల్లవాడు మూడు సెంటీమీటర్లు పొడుగయ్యాడు. ఎదిగే వయస్సులో బరువు నిలబడినా లాభమే" అని, ఆ ప్రశ్నల కాగితం మళ్లీ ఇచ్చింది. పరుగు దగ్గర ఇంకా కష్టమే రాశాడు. కాని బడి మానడం దగ్గర 'ఎప్పుడూ లేదు'. ఏడిపించడం దగ్గర 'అప్పుడప్పుడు'. అక్కయ్య కూడా ఈసారి 'అప్పుడప్పుడు' అనే గుర్తుపెట్టింది. కొడుకును అడిగి తెలుసుకున్నదన్నమాట.

బరువు మళ్లీ పెరగవచ్చు. అందుకే మూడు నెలలకొకసారి రమ్మన్నారు, వెళుతున్నాం. ఒంటి తీరులో వంశం పాలు కూడా ఉన్నది. అది పిల్లవాడి తప్పు కాదు, సోమరితనమూ కాదు. మీ ఇంట అటువంటి బిడ్డ ఉంటే, త్రాసు ఎక్కించే ముందు దగ్గర కూర్చోబెట్టుకొని, బడిలో ఎలా ఉన్నదో అడగండి.

మొన్న మా పెద్దన్నయ్యగారి అమ్మాయి పెళ్లిలో ఫోటో తీస్తుంటే మావాడు ముందు వరుసలో నిలబడ్డాడు. వాడి అసలు పేరు ఇక్కడ రాద్దామనుకున్నాను. అడిగితే వద్దన్నాడు. అందుకని రాయడం లేదు.