మీకు తెలుసా? నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు రెండు వయసులు!

• 37 వారాలు నిండకముందే పుట్టిన పిల్లలకు మాటలు కాస్త ఆలస్యంగా రావచ్చు. అందుకే రెండేళ్లు వచ్చేదాకా డాక్టర్లు అసలు వయసులోంచి ముందుగా పుట్టిన వారాలు తీసేసి ‘సవరించిన వయసు’ లెక్కిస్తారు. 32 వారాలకే పుట్టిన బిడ్డకు ఏడాది నిండినా, ఎదుగుదల లెక్కలో పది నెలలే.

• గర్భంలో ఆరు నెలలు దాటేసరికే శిశువుకు శబ్దాలు వినిపిస్తాయి. నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రిలో ఉన్నప్పుడు పెద్దల మాటలు ఎక్కువగా విన్న పిల్లలు ఏడాదిన్నర వయసులో భాషా పరీక్షల్లో మెరుగ్గా ఉన్నట్టు ఒక అమెరికా అధ్యయనంలో తేలింది. కాబట్టి ఇంక్యుబేటర్ పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి, జోల పాడండి.

• వినికిడి పరీక్ష తప్పనిసరి. సవరించిన వయసు ప్రకారం ఏడాదిన్నరకూ ఒక్క మాటా రాకపోతే ‘అదే వస్తుందిలే’ అని ఊరుకోకండి. ప్రభుత్వ జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో (డైస్) ఉచితంగా పరీక్షిస్తారు. ఎంత తొందరగా గుర్తిస్తే అంత మేలు.