గూడబాతుల లెక్క ఎవరు రాయాలి?

పిట్టల్ని చూడడం పనీపాటా లేనివాళ్ల వ్యవహారమని మనలో చాలామంది అనుకుంటారు. ఈ అభిప్రాయం ఊరికే రాలేదు. ఆదివారం పూట కార్లలో దిగి, మూరెడు గొట్టాల కెమెరాలు మెడకు తగిలించుకుని చెరువుగట్ల మీద తిరిగేవాళ్లను చూస్తూనే ఉన్నాం. మంచి గొట్టమైతే అదొక్కటే లక్షల్లో పలుకుతుంది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఏడాది పొడుగునా పత్తితీతకూ మిరపకోతకూ పోయినా అంత సొమ్ము చేతిలో మిగలదు. అందుకని పిట్టల సంగతి మనది కాదని వదిలేశాం.

కానీ ఒక మాట అడుగుతాను. తెల్లారగట్ల చేలో ఉండేదెవరు? దుక్కి వెంట నడిచే తెల్లకొంగ ఏం ఏరుకుంటున్నదో చూసేదెవరు? తోక రెండుగా చీలిన ఆ నల్లపిట్టను, ఏట్రింత అంటారు కొందరు, పసులపోలిగాడు అంటారు కొందరు, పత్తిచేలో పంగలకర్ర మీద కూచుని పురుగును పట్టుకుపోతుంటే చూసేదెవరు? కలుపు తీస్తూ తీతువు గుడ్ల మీద కాలు పడకుండా పక్కకు తప్పుకునే ఆడకూలీకి తెలిసిన సంగతి, దుర్భిణీ పెట్టి చూసేవాడికి చెబితేగాని తెలియదు. తీతువు రాత్రిపూట అరిస్తే చావుకబురని మన పెద్దలు జడుసుకునేవాళ్లు. అది పాపం తన గుడ్ల దాపుకు నక్కో కుక్కో మనిషో వచ్చాడని అరిచే అరుపు. అంతకుమించి మరేమీ లేదు.

పల్నాడు మెట్టసీమ, నాపరాళ్ల సీమ. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలాక కొంత మారింది. కాల్వ కింద వరి వచ్చింది. ఎండాకాలం ఎద్దడికి నిలవుండేలా సాగర్ నీళ్లతో ఊరూరా మంచినీటి చెరువులు నింపుతున్నారు. నీళ్లున్నచోటికి పిట్ట వస్తుంది. వరిమడిలో నత్త ఉంటే నత్తగుల్ల కొంగ దిగుతుంది. దాని ముక్కు రెండు దవడల మధ్య సందుంటుంది, పూర్తిగా మూసుకోదు. నత్తను పట్టి లోపలి కండను బయటికి లాగడానికి ఆ ముక్కు పనికొస్తుంది. ఇవన్నీ మన కళ్లముందే జరుగుతున్నాయి. చూస్తున్నాం, కాని రాసిపెట్టడం లేదు.

పిట్టల చెరువంటే ఎట్లా ఉంటుందో చూడాలంటే నరసరావుపేటలో గుంటూరు బస్సెక్కితే చాలు. గుంటూరు పక్కనే, పెదకాకాని మండలంలో ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువులో తుమ్మచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు. ఒకప్పుడు 12 వేల దాకా ఉండేవని, తర్వాత 7 వేలకు పడిపోయాయని అంటారు. రెట్టకు చెట్లు మాడిపోతుంటే కూచోడానికి ఇనుప కొమ్మలు కూడా పాతారు. వాసన సంగతి చెప్పనక్కర్లేదు. అయినా ఆ ఊరివాళ్లు వాటిని తరమలేదు. ఏ అధికారి వచ్చి ఏ బోర్డు పాతినా, ఊరు ఊరుకోకపోతే అక్కడ పిట్ట నిలిచేది కాదు.

అక్కడికి వచ్చేవాళ్ల నోట తరచు వినబడే మాట, ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయని. ఇది నిజం కాదు. మధ్య ఆసియా నుంచి హిమాలయాలు దాటి వచ్చే బాతులు, నెత్తిన నల్లచారల హంసబాతులు వేరే ఉన్నాయి, అవి చలికాలం చెరువుల్లో దిగుతాయి. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ మాత్రం ఈ దేశపువే. ఒకచోట నీళ్లు ఎండితే ఇంకోచోటికి పోతాయి, చేప దొరికినచోట గూడు కడతాయి. ఆదోని, కోసిగి వైపునుంచి పిల్లాజెల్లాతో మన మిరపకోతలకు వచ్చే కూలీలు విదేశీయులా? ఇదీ అంతే. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, అతిథి రాకపోతే ఎవరూ బాధ్యులు కారు. ఇంటిమనిషి కనబడకపోతే వెతకాలి.

ఒకసారి అట్లా కనబడకుండా పోయాయి కూడా. 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ అధ్యాపకుడు కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల స్థావరం ఒకటి కనిపెట్టాడు. అప్పుడు అక్కడ దగ్గర దగ్గర 3 వేల పక్షులు గూళ్లు పెట్టాయి. 1975 నాటికి ఆ స్థావరం మాయమైంది. ఆయన రాసిపెట్టబట్టి ఆ 3 వేల సంగతి మనకు తెలిసింది. రాయని చెరువుల సంగతి ఎవరికి తెలుసు?

కొల్లేరు మాట వచ్చింది గనుక రెండు ముక్కలు చెప్పాలి. 1970ల్లో అక్కడి పేదలకు సొసైటీలు పెట్టి చేపలచెరువులు ఇచ్చారు. కొద్దికాలంలోనే అవి లీజుల పేరుతో బయటి పెట్టుబడిదార్ల చేతుల్లోకి పోయాయి. గట్లు లేచాయి, సరస్సు చిక్కిపోయింది. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు దాకా అభయారణ్యమని ప్రకటించింది. 2002లో అది రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో కోర్టు ఆదేశాలతో గట్లు పగలగొట్టారు. లీజుదారు తన డబ్బు ఇంకోచోట పెట్టుకున్నాడు. చెరువుల మీద కూలి చేసుకునేవాడు, సొసైటీ సభ్యుడన్న పేరు మాత్రమే మిగిలినవాడు రోడ్డున పడ్డారు. 2008లో మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానం చేసింది. ఈ గొడవలో పేదవాణ్ణి ఒకసారి పిట్టల పేరుతో కొట్టారు, ఇంకోసారి పేదవాడి పేరు అడ్డం పెట్టి లీజుదార్లు మాట్లాడారు. రెండూ మనం ఒప్పుకోదగ్గవి కావు. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు ఇప్పుడు ఇనుప మంచెల మీద గూళ్లు పెట్టి పిల్లల్ని చేస్తున్నాయి. సరస్సు తిరిగొచ్చిందని దాని అర్థం కాదు.

మన ఊరి చెరువుల దగ్గర ఇదే కథ చిన్నదిగా జరుగుతుంది. చెరువు పాటలో చేపలు పాడుకున్నవాడికి పిట్ట శత్రువు. టపాకాయలు కాల్పిస్తాడు. కాల్చే కాపలాకూలీ మళ్లీ మనవాడే. గూడబాతు మూడు నాలుగు గుడ్లు పెడితే పొదగడానికే నెల, పిల్ల ఎగరడానికి ఇంకో మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆ అయిదు నెలల మధ్యలో చెరువు తోడేస్తే పిల్లలు గూట్లోనే చస్తాయి. చెరువు ఎప్పుడు తోడాలి, ఎంత నీరు ఉంచాలి అనేది పంచాయతీలో పాటగాడొక్కడే తేల్చే విషయం కారాదు. ఆ నీటిని తాగే పశువులున్నాయి, బట్టలుతుక్కునే ఆడవాళ్లున్నారు.

పిట్టల రెట్టలో లాభముందని పూర్వం రైతులు ఎరుగుదురు. తమిళనాడులోని వేదాంతంగల్‌లో 18వ శతాబ్దం చివర తెల్లసిపాయిలు కొంగల్ని కాలుస్తుంటే ఊరివాళ్లు చెంగల్పట్టు కలెక్టరు దగ్గర మొరపెట్టుకుని, కాల్చకుండా కౌలు పత్రం రాయించుకున్నారు. రెట్ట కలిసిన చెరువునీళ్లు పొలానికి ఎరువుతో సమానమని వాళ్ల అనుభవం.

ఇక మందుల సంగతి. పల్నాడు పత్తిలో, మిరపలో పడే మందు గురించి కొత్తగా చెప్పేదేముంది. 1987-88లో తెల్లదోమ మీద కొట్టినకొద్దీ దోమ పెరిగింది, అప్పులు పెరిగాయి, గుంటూరు ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. గుళికల మందు చేలో చల్లితే గింజలనుకుని పిట్ట ఏరుకు తింటుంది, అక్కడే తల వాల్చేస్తుంది. ఆ గుళికల్ని ఒట్టిచేతుల్తో చల్లేది మనం. ఫోరేట్ గుళికల్ని 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధించారు. గట్టు మీద పిట్టలు పడి చచ్చినరోజు ఆ చేలో దిగబోయే కూలీలు మేస్త్రిని నిలబెట్టి అడగాలి, నిన్న ఏం కొట్టారయ్యా అని. పొట్టకూటికి వల వేసినవాణ్ణి 1972 వన్యప్రాణి చట్టం కింద పట్టుకోవడం తేలిక. మందు డబ్బా వెనకున్నవాడి జోలికి పోయినవాళ్లను నేను చూడలేదు.

చదువుకోనివాళ్లం, మన మాట ఎవరు పట్టించుకుంటారు అనేవాళ్లున్నారు. కలివికోడి సంగతి వినండి. 1900 తర్వాత దాన్ని చూసినవాడు లేడు, అంతరించిందని పుస్తకాల్లో రాశారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట దాన్ని సజీవంగా పట్టి చూపించాడు. బొంబాయి నుంచి వచ్చిన శాస్త్రజ్ఞులు ఆయన్ను అడగబట్టే దొరికింది. ఆ మాటకొస్తే దేశంలో పక్షిశాస్త్రానికి పెద్దదిక్కయిన సలీం అలీకి కూడా యూనివర్సిటీ డిగ్రీ లేదు.

మరి ఏం చేయాలి? పదిరూపాయల నోటుపుస్తకం చాలు. తేదీ, చెరువు పేరు, ఏ పిట్ట, ఎన్ని, ఏం చేస్తున్నది. పేరు తెలియకపోతే ముక్కు ఆకారం, కాళ్ల రంగు రాయండి, మన ఊళ్లో పిలిచే పేరే రాయండి. ఇప్పుడు ముఠాకు ఒకటో రెండో ఫోన్లున్నాయి. ఫోన్లో గూడబాతు ఈగంత పడుతుంది, దానికి దిగులు పడొద్దు. గుంపు మొత్తం, వెనక చెట్టో తూమో కనబడేలా తీస్తే ఏ చెరువో తేలుతుంది, లెక్కా తేలుతుంది. ఎవరిదగ్గరైనా దుర్భిణీ ఉంటే దాని కంటికి ఫోన్ ఆనించి తీయొచ్చు, దగ్గరగా పడుతుంది. గూడు కిందికి మాత్రం పోవద్దు. తల్లి లేచిందంటే మిట్టమధ్యాహ్నపు ఎండకు పసిపిల్ల కాసేపట్లోనే సొమ్మసిల్లుతుంది, ఈలోపు కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. పెద్ద కెమెరాల బాబులు ఈ తప్పు చేస్తుంటే గట్టు మీదున్నవాళ్లు చెప్పాలి, మొహమాటం అక్కర్లేదు. చచ్చిన పిట్టనో చేపనో తీసేటప్పుడు పక్కనున్న మందు పొట్లం కూడా ఫోటోలో పడనివ్వండి. అర్జీకి అదే సాక్ష్యం.

ఏటా జనవరిలో ఆసియా దేశాలన్నిటా నీటిపక్షుల లెక్క తీస్తారు, మన దేశంలో 1987 నుంచి జరుగుతున్నది. జీతం లేని ఔత్సాహికులే తీస్తారు. గురజాల, మాచర్ల, నరసరావుపేట వైపు ఊరికో ఇద్దరు పూనుకుంటే ఒక్క పూటలో మంచినీటి చెరువులన్నీ తిరిగి రావచ్చు. జనవరిలో మిరపకోతలుంటాయి, నిజమే. కోతకు పోయేముందు, ఆటో వచ్చేలోపు, చెరువుగట్టు మీద అరగంట నిలబడితే సరిపోతుంది.