స్ఫటికం మారితే మందు కొత్తదైతదా?

బ్లడ్ క్యాన్సర్ల ఒక రకానికి వాడే మందు ఇమాటినిబ్. కేసు నడిచిన కాలంల నోవార్టిస్ కంపెనీ దీన్ని 'గ్లివెక్' పేరుతోని అమ్మితే నెలకు దాదాపు 1,20,000 రూపాయలు అయ్యేది. అదే మందును హైదరాబాద్ కంపెనీ నాట్కో, ఇంకొన్ని దేశీ కంపెనీలు జేసి అమ్మితే అప్పట్ల 8,000 నుంచి 10,000 అయ్యేది. ఈ తేడా ఉండాల్నా, పోవాల్నా అన్న కొట్లాట సుప్రీంకోర్టు దాకా వోయింది. కొట్లాట అంతా ఒక స్ఫటికం మీదనే. నేను కాలేజీల కెమిస్ట్రీ సదువలే. తీర్పు ముందల వెట్టుకొని, ఒక్కో మాటకు అర్థం ఎతుక్కుంట నేర్చుకున్న. సమజైన కాడికి చెప్త.

ఆరు కార్బన్ పరమాణువులు గుండ్రంగ చేతులు వట్టుకొని నిలవడితే అది బెంజీన్ రింగు. అండ్ల ఒక కార్బన్ జాగల నైట్రోజన్ వస్తే పిరిడిన్. ఒకటిడిసి ఒకటి రెండు నైట్రోజన్లు వస్తే పిరిమిడిన్. గిట్ల కార్బన్‌తోపాటు వేరే పరమాణువు కలిసిన రింగులనే హెటిరోసైక్లిక్ అంటరు. మనం మింగే చానా మందులల్ల ఇవే ఉంటయి. ఇమాటినిబ్‌ల పిరిడిన్, పిరిమిడిన్, పిపరజిన్ మూడూ ఉన్నయి. తయారుజేసేటప్పుడు పిరిడిన్ ఉన్న ముక్కను, గ్వానిడిన్ ముక్కను కలిపి కాగవెడితే నడుమ పిరిమిడిన్ రింగు మూసుకుంటది. పిపరజిన్ ఉన్న ముక్కను తర్వాత అతికిస్తరు. ఆఖరికి మిథేన్ సల్ఫోనిక్ యాసిడ్ కలిపితే నీళ్లల్ల మంచిగ కరిగే లవణం తయారైతది. అదే ఇమాటినిబ్ మెసిలేట్.

ఈ లవణం గట్టివడేటప్పుడు అణువులు వరుసగ పేరుకుంటయి. అవే ఇటుకలను ఇద్దరు మేస్త్రీలు రెండు తీర్ల పేర్చినట్టు, ఒక్క మందుకే రెండు మూడు స్ఫటిక రూపాలు ఉండొచ్చు. ఎక్స్‌రే పంపితే ఏ పేర్పో తెలుస్తది. ఆల్ఫా రూపం సూదుల లెక్కుంటది, గాలిల తేమ పీలుస్తది. బీటా రూపం తేమ తక్కువ పీలుస్తది, పొడి సాఫీగ జారుతది, నిలకడగ ఉంటది. 1998ల నోవార్టిస్ మన దేశంల పేటెంటు అడిగింది ఈ బీటా మీదనే.

స్ఫటికం అంటే ఉత్త ముచ్చటేం కాదు. అదే 1998ల అబాట్ కంపెనీ ఎయిడ్స్ మందు రిటోనవిర్‌ల అనుకోకుంట కొత్త స్ఫటికం పుట్టింది. అది సరిగ్గ కరగలే, క్యాప్సూళ్లు వాపస్ తీస్కోవాల్సి వచ్చింది. అంటే రూపం మారితే రోగికి ఫాయిదా గావొచ్చు, నుక్సాన్ గావొచ్చు. ఫాయిదా అంటే సాబిత్ జెయ్యాలె.

2005ల మన పేటెంటు చట్టంల మార్చి పెట్టుకున్న సెక్షన్ 3(డి) అడిగేది గదే. తెలిసిన పదార్థానికే కొత్త రూపమైతే, పనితనం పెరిగినట్టు చూపియ్యాలె. కంపెనీ చూపింది ఏంది? ఎలుకల రక్తంలకు మందు 30 శాతం ఎక్కువ చేరిందని. అదిగూడ లవణం కాని ఇమాటినిబ్‌తోని పోల్చి! 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తేల్చిజెప్పింది: మందుకు పనితనమంటే రోగం మీద పనితనమే. పొడి జారుడు, తేమ పీల్వకుండుడు ఆ లెక్కల రావు. పేటెంటు వద్దని అభ్యంతరం వెట్టినోళ్లల్ల క్యాన్సర్ పేషంట్స్ ఎయిడ్ అసోసియేషన్ గూడ ఉన్నది.

ఇమాటినిబ్‌ను కనుక్కున్నోళ్లకు నేను దండం వెడ్త. ఆ అణువు మనుషులను బతికించింది. గని అదే అణువును ఇంకోతీర్ల పేర్చి మళ్ల 20 ఏండ్లు గుత్తకు అడుగుడు న్యాయం గాదు. అమెరికా సర్కారు స్పెషల్ 301 రిపోర్టులల్ల ఈ 3(డి) మీద అభ్యంతరం రాస్కుంటనే వస్తున్నది. ఇది వకీళ్ల ముచ్చట అని మనం ఊకుంటే, రేపు మెడికల్ షాపుల బిల్లు గట్టేది మనమే.