కర్త లేని వాక్యం

‘వదంతి’ అన్న మాటను మనము తెలుగులో నామవాచకంగా వాడుకొంటున్నాము గాని, మూలంలో అది క్రియాపదం. సంస్కృతంలో ‘వద్’ ధాతువునకు వర్తమానకాలంలో ప్రథమపురుష బహువచన రూపం. ‘చెప్పుచున్నారు’ అని దాని అర్థం. ఎవరు చెప్పుచున్నారు? ఆ సంగతి ఆ మాటలో లేదు. ఎవరిని నిలదీసి అడిగినా, ‘అందరూ అంటున్నారండీ’ అన్న సమాధానమే వస్తుంది.

హంతకుడు తేలని హత్య కూడా అటువంటి కర్త లేని వాక్యమే. లోపించిన పదాన్ని సందర్భాన్ని బట్టి తెచ్చుకొని పూరించడాన్ని మన పండితులు అధ్యాహారం అన్నారు. పద్యానికి అన్వయం చెప్పేటప్పుడు అది లేనిదే సాగదు. అయితే ఒక నేరం విషయంలో ఊరంతా చేరి అధ్యాహారం చేయబూనుకొంటే ఏమవుతుంది? పోలీసులు కూడా అదే పని చేస్తే ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం కృష్ణా తీరంలోనే ఉన్నది.

విజయవాడకు పడమరగా, హైదరాబాదు పోయే బాట మీద ఇబ్రహీంపట్నం ఉన్నది. 2007 డిసెంబరు 27వ తేదీన అక్కడి మహిళా వసతిగృహంలో, ఫార్మసీ చదువుకొంటున్న ఒక విద్యార్థిని హత్యకు గురియై కనిపించినది. చంపుటకు ముందు ఆమెపై అత్యాచారం జరిగినది. హంతకుడు వదలి వెళ్లినట్లుగా ఒక లేఖ కూడా దొరికినది. పలువురు నిద్రించే వసతిగృహంలో ఇంతటి ఘోరం జరిగితే చూచినవారు లేరు, విన్నవారు లేరు అన్నది జనానికి మింగుడు పడలేదు. చదువుకొనుటకు పిల్లలను పొరుగూరికి పంపిన ప్రతి తల్లీ ఆ రాత్రి నిద్రపోలేదంటే అతిశయోక్తి కాదు.

ఆమె పేరు ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. అయినా ఈ వ్యాసంలో అది కనిపించదు. అత్యాచారానికి గురియైన వారి పేరును ప్రకటించరాదని చట్టం చెబుతున్నది. మరణించినవారికి కూడా ఆ గౌరవం వర్తిస్తుందని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టపరచినది.

ఇక వదంతుల ప్రయాణం సంగతి. తెలుగులో ‘అట’ అనే చిన్న అవ్యయం ఒకటి ఉన్నది. ‘వచ్చాడు’ అంటే నేను చూచి చెబుతున్నాను అని; ‘వచ్చాడట’ అంటే విని చెబుతున్నాను, పూచీ నాది కాదు అని. ఇంత నిజాయితీ గల ప్రత్యయం వంటి మాట ఎన్ని భాషలలో ఉన్నదో గాని, దీనికి ఆయుష్షు తక్కువ. ఇబ్రహీంపట్నంలో ‘ఎవరో గోడ దూకారట’ అన్న మాట గొల్లపూడి చేరేసరికి ‘గోడ దూకారు’ అవుతుంది. భవానీపురం దాటేసరికి ఆ దూకినవాడికి ఒక రూపం వస్తుంది. బందరు రోడ్డు పొడవునా నడచి బెంజ్ సర్కిల్ చేరేసరికి పేరు, కులం, తండ్రి హోదా అన్నీ ఏర్పడతాయి. చెన్నై, కలకత్తా రహదారి బందరు రోడ్డును కలిసే కూడలి అది. అక్కడినుండి ఒకే కథ గుంటూరుకు ఒక తీరున, ఏలూరుకు మరొక తీరున, బందరుకు ఇంకొక తీరున బస్సెక్కి పోతుంది. ‘అట’ మాత్రం దారిలోనే రాలిపోయి ఉంటుంది.

ఇక్కడ జనాన్ని మాత్రమే నిందించి ఊరుకొంటే న్యాయం కాదు. పోలీసులు 2008 ఆగస్టులో ఒక పేద యువకుని అరెస్టు చేసి, నేరస్థుడు ఇతడే అన్నారు. జనం నమ్మలేదు. పలుకుబడి గలవారిని కాపాడడానికే ఈ నిరుపేదను ముందుకు తెచ్చారన్న అనుమానం ఊరూరా వ్యాపించినది. అన్నిటికంటె ఆశ్చర్యకరమైన విషయం, బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులే ఆ యువకుడు నిర్దోషి అని బహిరంగంగా చెప్పడం. కడుపుకోతకు గురియైనవారు దొరికినవానిపై కసి తీర్చుకోవాలనుకోవడం లోకసహజం. వారు అలా చేయలేదు. మాకు కావలసినది ఎవరో ఒకరు కాదు, చేసినవాడు అన్నారు. వారు చదువుకొన్న న్యాయశాస్త్రం ఏమున్నదో గాని, అంతకుమించిన న్యాయసూత్రం వేరొకటి లేదు.

2010 సెప్టెంబరులో విజయవాడలోని మహిళా సెషన్సు న్యాయస్థానం ఆ యువకుని దోషిగా నిర్ణయించి జైలుశిక్ష విధించినది. 2017 మార్చి 31వ తేదీన హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, అతనిని నిర్దోషిగా ప్రకటించినది. దర్యాప్తు చేసిన అధికారులపై చర్య తీసుకొనవలసినదని కూడా ఆదేశించినది. అప్పటికి అతడు ఎనిమిదేండ్లకు పైగా చెరసాలలో ఉన్నాడు. ఒకని యౌవనమంతా ఒక తప్పు అధ్యాహారం క్రింద నలిగిపోయినది.

తరువాతి కథ మరింత విచారకరం. కేసును తిరిగి తోడవలసిన సమయానికి, విజయవాడ న్యాయస్థానంలో భద్రపరచబడి ఉండవలసిన వస్తుసాక్ష్యాలు అప్పటికే ధ్వంసమైపోయినట్లు బయటపడినది. 2018 నవంబరులో హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించి, ఆ సాక్ష్యాలు ధ్వంసమైన తీరును కూడా విచారించమన్నది. 2019 డిసెంబరులో, అంటే దుర్ఘటన జరిగిన పన్నెండేండ్లకు, ఆ బాలిక సమాధిని తెరచి అవశేషాలను మళ్లీ పరీక్షకు తీసుకొన్నారు. మొదటి వారంలో జాగ్రత్తగా చేయవలసిన పనిని పన్నెండేండ్ల తరువాత మట్టిలో వెదకవలసి వచ్చినది.

ఈ చరిత్రనుండి మనము నేర్చుకొనవలసినది రెండు ముఖాలుగా ఉన్నది. ‘ఇతడేనా?’ అని జనం వేసిన ప్రశ్న సరియైనది. హైకోర్టు తీర్పు ఆ ప్రశ్నకు బలమిచ్చినది. కాని అదే జనం ‘ఇతడు కాడు, ఫలానావాడు’ అని చెప్పుకొన్న జవాబులు ఏ న్యాయస్థానంలోనూ రుజువు కాలేదు. ప్రశ్న సరియైనంత మాత్రాన జవాబు సరియైనది కాజాలదు. ప్రశ్నించడం ప్రజల హక్కు. జవాబు చెప్పవలసినది సాక్ష్యం. ఈ భేదాన్ని మరచిన నాడు, పోలీసులు ఒక నిర్దోషికి చేసిన అన్యాయాన్నే మనము నోటిమాటతో ఇంకొకనికి చేస్తాము.

ఇది మన దేశపు జాడ్యం మాత్రమే కాదు. 1945 ఫిబ్రవరి 14వ తేదీన ఇంగ్లండులో, వార్విక్‌షైరులోని లోయర్ క్వింటన్ అనే పల్లెలో, పొలం కంచె కత్తిరిస్తున్న డెబ్బదినాలుగేండ్ల కూలిని ఎవరో అతని పనిముట్లతోనే చంపినారు. స్కాట్లండు యార్డునుండి రాబర్ట్ ఫేబియన్ అనే పేరుమోసిన డిటెక్టివు వచ్చినాడు. పల్లెవారు పెదవి విప్పలేదు. ఎవరిపైనా విచారణ జరుగలేదు. ఖాళీ ఉన్నచోట కథ వచ్చి చేరినది: అతడు మంత్రగాడనీ, పంటలకోసం అతనిని బలి ఇచ్చారనీ పుకారు పుట్టినది. మార్గరెట్ మర్రే వంటి విదుషీమణి కూడా ఆ ఊహకు ఊతమిచ్చినది. ఆ కథ ఈనాటికీ జీవించి ఉన్నది. హంతకుడు ఎవరో మాత్రం తేలలేదు. చేతబడి చేశారన్న వదంతితో మనుషులను చంపిన పల్లెలు మనకూ ఉన్నవి గనుక, క్వింటన్ కథ విని మనము నవ్వదగదు.

‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని వదంతులను సమర్థించేవారు కలరు. ఇది మన తర్కశాస్త్రం ఇచ్చిన దృష్టాంతమే. పదునేడవ శతాబ్దిలో తర్కసంగ్రహం రచించిన అన్నంభట్టు తెలుగువాడని ప్రసిద్ధి. పర్వతం మీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉన్నదని నిర్ణయించడాన్ని ఆ శాస్త్రం ‘అనుమానం’ అన్నది. చిత్రమేమంటే, శాస్త్రంలో ఒక ప్రమాణమైన ఆ మాట మన వాడుకలో ‘శంక’ అయి కూర్చున్నది. శాస్త్రంలోని అనుమానానికి నియమాలున్నవి, దోషాలను పట్టే పద్ధతి ఉన్నది. వాడుకలోని అనుమానానికి అవేవీ లేవు. ఇంతకూ పొగ, నిప్పు ఉన్నదని చెబుతుంది గాని, నిప్పు పెట్టినది ఎవరో చెప్పదు.

మన న్యాయస్థానాలు కోరేది మొదటి రకపు అనుమానాన్నే. ప్రత్యక్షసాక్షి లేని కేసులలో, పరిస్థితులు గొలుసుకట్టుగా ఒకదానినొకటి అంటి ఉండాలనీ, అవి నిందితుని నిర్దోషిత్వానికి చోటివ్వరాదనీ 1984లో సుప్రీంకోర్టు ఐదు సూత్రాలుగా చెప్పినది. ‘చేసి ఉండవచ్చు’ అన్నదానికీ, ‘చేసి తీరాలి’ అన్నదానికీ మధ్య గల దూరం ఆ తీర్పుకు ప్రాణం. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం నిందితునిపై సాక్ష్యం కాదని 1872 నాటి సాక్ష్య చట్టమే అన్నది; 2024 జులైలో అమలులోకి వచ్చిన కొత్త చట్టమూ ఆ నియమాన్ని నిలుపుకొన్నది. ఏడేండ్లు, అంతకు మించిన శిక్ష గల నేరాలలో శాస్త్రనిపుణులు స్వయంగా నేరస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలని కూడా అప్పుడు వచ్చిన కొత్త క్రిమినల్ ప్రక్రియా చట్టం విధిస్తున్నది. పత్రికల ముందు నిందితుని నిలబెట్టి కథ చెప్పడం కంటె, తాళం వేసిన గదిలో ఒక వెండ్రుకను భద్రపరచడం వేయిమడుగులు మేలు.

ఉపాధ్యాయ సోదరులకు ఒక మనవి. క్రియాపదాలు బోధించే రోజున ‘చూశాడు’, ‘చూశాడట’, ‘చూచి ఉండవచ్చు’, ‘చూచి తీరాలి’ అన్న నాలుగు రూపాలను పలక మీద వ్రాయండి. ఆ రోజు దినపత్రికలోని నేరవార్తను ఒకటి తీసుకొని, అందులో ఏ వాక్యం ఏ రూపానికి చెందునో పిల్లలచేత విడదీయించండి. ‘అట’ ఉండవలసినచోట రాలిపోయి ఉంటే దానిని తిరిగి అంటించమనండి. వ్యాకరణం పరీక్షకు మాత్రమే పనికివచ్చే విద్య కాదని వారికి ఆనాడు తెలుస్తుంది. విన్నదానిని చూచినట్లు చెప్పని పౌరుడు రేపు సాక్షిగా బోనెక్కవచ్చు, పోలీసు అధికారి కావచ్చు, న్యాయమూర్తి కావచ్చు.

నిర్దోషిగా బయటికి వచ్చిన ఆ యువకుని పేరు కూడా నేను వ్రాయలేదు. హంతకుడన్న మాటతో కలిపి ఎనిమిదేండ్లు పలికిన పేరును ఇకనైనా విడిచిపెట్టడం మర్యాద. ఇక ఆ విద్యార్థిని విషయంలో మనకు మిగిలిన ఋణం ఒక్కటే: అసలు కర్త తెలియువరకూ ఆ వాక్యంలోని ఖాళీని ఖాళీగానే ఉంచడం, అది ఖాళీగా ఉన్నదని అధికారులకు గుర్తుచేయడం మానకపోవడం.