కుష్ఠువ్యాధియు అంగవైకల్య నిర్ణయమును

ఔషధసేవ ముగిసినది. క్రిములు నశించినవి. వ్యాధి కుదిరినదని వైద్యుడు చెప్పినాడు. అయినను చేతికి స్పర్శ తిరిగి రాలేదు. ఇట్టివాడు వికలాంగుడా, కాడా? ఈ ప్రశ్న వైద్యునికెంత ముఖ్యమో న్యాయవాదికిని అంత ముఖ్యము. చెన్నపురియందలి మనవారిలో ఈ యుభయవృత్తులవారును పెక్కుమంది గలరు గాని, వారు దీనిపై తగినంత శ్రద్ధ వహించినట్లు మాకు తోచదు.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతమునే తీసికొందము. పూర్వము సేలము జిల్లాలోను, 1965 నుండి ధర్మపురి జిల్లాలోను చేరియుండి, 2004లో ప్రత్యేక జిల్లాయైన ఈ సీమలో తెలుగు మాటాడు కుటుంబములు విశేషముగా గలవు. హోసూరున గులాబితోటలు, కర్మాగారములు. కృష్ణగిరిని మామిడితోపులు, రాతిగనులు. ఇచట కూలివాని ఆస్తి యెల్ల అతని చేతులే. ముల్లు గ్రుచ్చుకొన్నను ఎరుగని చేయి, కాలిన ఇనుము తగిలినను వెనుకకు రాని చేయి, చూచుటకు చక్కగనే యుండును. పుండు పడి, చీము పట్టి, వ్రేలు కురుచయైన పిమ్మటగాని లోకము దానిని వికలమనదు. నరము దెబ్బతిన్న ఆరు మాసములలోపల కనిపెట్టి ప్రెడ్నిసలోను ఇచ్చినచో పెక్కుమందికి స్పర్శయు బలమును కొంత తిరిగి వచ్చును. ఆలసించినకొలది ఆ యాశ సన్నగిల్లును.

ప్రపంచ ఆరోగ్యసంస్థ వారి కొలత ఈ భేదమును గుర్తించినది. చేతులకును పాదములకును స్పర్శలోపముగాని వికృతిగాని లేనిచో సున్న. స్పర్శ పోయి, వికృతి కానరానిచో ఒకటి. పుండు, కొంకరవ్రేళ్లు మొదలగునవి కానవచ్చినచో రెండు. కన్నులకును ఇట్టి తరగతులే గలవు. ఆరు అవయవములలో మిక్కిలి చెడినదాని తరగతియే మనిషి తరగతియగును. ఒక వ్రేలు వంగినవాడును, కన్నులు, చేతులు, కాళ్లు ఆరును చెడినవాడును ఒకే 'రెండు' క్రిందికి వత్తురు! ఆరింటి అంకెలను కూడి 0 నుండి 12 వరకు లెక్కించు పద్ధతి కలదు. అది ఇంతకంటె న్యాయమైనది.

ఇక చట్టము. 2016 సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము కుష్ఠువ్యాధి కుదిరినవారిని ప్రత్యేకముగా పేర్కొన్నది. వికృతి కానరానివారికిని చోటిచ్చినది. కాని ఆ వాక్యమున చేతులయందో పాదములయందో స్పర్శ లేకుండుటయు, 'దానితోబాటు' కంటియందును రెప్పయందును స్పర్శలోపము, బలహీనతయు చెప్పబడినవి. రెండును ఉండవలయునా, ఒకటి చాలునా? ముసాయిదా వ్రాసినవారు ఒక్క పదము మార్చియున్నచో ఈ సందేహమునకు తావుండెడిది కాదు. అదియునుగాక, ఉద్యోగములలో ప్రత్యేకింపబడిన స్థానములకు వైకల్యము నూటికి 40 వంతులకు తక్కువ కారాదు. చట్టమొక చేత ఇచ్చినదానిని ఈ అంకె మరియొక చేత తీసికొనవచ్చును. 2018లో పంకజ్ సిన్హా వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు, ఈ వ్యాధిగ్రస్తుల వైకల్యమును కొలుచుటకు వేరు నిబంధనలు చేయు విషయమును ఆలోచింపుడని కేంద్రప్రభుత్వమునకు సూచించిరి. సాధారణ కొలత వీరికి చాలదని సర్వోన్నతన్యాయస్థానమే తలచినదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

కంటికి కానరాని లోపమును అంగీకరించినచో కపటులు పత్రములు సంపాదింతురని కొందరి భయము. పరీక్షావిధానము తెలిసినవారు ఇట్లనరు. కన్నులు మూయించి, కలపుకొనతోనో నైలాను తీగతోనో తాకి, తాకినచోటును వ్రేలితో చూపుమందురు. నడుమనడుమ తాకకయే అడుగుదురు. కల్లలాడువాడు అచటనే చిక్కును. తీగల మందము వేరువేరుగా నుండుటచే లోపము ఎంతయో కూడ తెలియును.

ఈ పరీక్షకు రోగి మాట కావలయును. ఆ మాట అతనికి తెలిసిన భాషలో కావలయును. దినచర్యనుగూర్చి 20 ప్రశ్నలడుగు సాల్సా యను కొలతకు ఇది మరింత యవసరము. నాణెములను ఎత్తగలవా, సీసామూత తీయగలవా, చెప్పులులేక నడచెదవా అని అందు అడుగుదురు. చేయగలిగియు దెబ్బ తగులునను భయముచే మానుకొన్నానని చెప్పువాని జవాబును కూడ అందు వేరుగా గుర్తింతురు. హోసూరు తాలూకాలోని తెలుగు కూలివానిని ఈ ప్రశ్నలు అరవమున అడిగినచో అతడు తలయూపి ఊరకుండును. తలయూపుటకు అంకె వేయబడును. కావున చెన్నపురియందలి మన వైద్యులు ఈ ప్రశ్నలను ఆ సీమ తెలుగులో సిద్ధపరచి కృష్ణగిరి జిల్లా వైద్యాధికారులకు పంపవలయును. పత్రము నిరాకరింపబడినవారి పక్షమున అప్పీలులు వ్రాయుటకు మన న్యాయవాదులలో నలుగురైనను ముందుకు రావలయును.