వెనక్కి తిరగడానికి ఎన్ని సెంటీమీటర్లు?

కౌంటర్-స్ట్రైక్‌లో సెన్సిటివిటీ 1, మౌస్ 800 డీపీఐ పెట్టుకుని ఆడితే, ఆటలోని మనిషి ఒక పూర్తి చుట్టు తిరగడానికి చేతిని దాదాపు 52 సెంటీమీటర్లు జరపాలి. ఈ లెక్క ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. మౌస్ పంపే ఒక్కో కౌంటుకు ఆ ఆట చూపును 0.022 డిగ్రీలు తిప్పుతుంది. 360ని దానితో భాగిస్తే సుమారు 16,364 కౌంట్లు. అంగుళానికి 800 చొప్పున అవి 20 అంగుళాల పైచిలుకు. వెనక అడుగుల చప్పుడు వినిపిస్తే తిరగాల్సింది సగం చుట్టే కాబట్టి 26 సెంటీమీటర్లు చాలు.

ఇప్పుడు మీ ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద స్కేలు పెట్టి చూడండి. మామూలు ల్యాప్‌టాప్‌లో దాని వెడల్పు 10, 11 సెంటీమీటర్లు ఉంటుంది. అదే సెట్టింగ్‌తో వెనక్కి తిరగాలంటే వేలు ఆ చివరి నుంచి ఈ చివరికి లాగి, ఎత్తి, మళ్లీ మొదటికి తెచ్చి లాగి, ఇంకా సగం లాగాలి. అంతసేపు వెనకున్నవాడు ఊరుకోడు.

సెన్సిటివిటీ పెంచుకుంటే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పెంచి చూద్దాం. వేలు ఒక్కసారి 10 సెంటీమీటర్లు లాగితే సగం చుట్టు తిరిగేలా పెట్టామనుకోండి. అప్పుడు ఒక్క మిల్లీమీటరుకు 1.8 డిగ్రీలు తిరుగుతుంది. ఆటలో 20 మీటర్ల దూరంలో 20 సెంటీమీటర్ల వెడల్పున్న గురి, అంటే హెల్మెట్ పెట్టుకున్న తల లాంటిది, మన చూపులో 0.57 డిగ్రీల మేర మాత్రమే కనిపిస్తుంది. ఆ తల ఒక అంచు నుంచి రెండో అంచుకు చూపు వెళ్లడానికి టచ్‌ప్యాడ్ మీద వేలు కదలాల్సింది 0.32 మిల్లీమీటర్లు. మౌస్ మీద, మొదట చెప్పిన సెట్టింగ్‌తో, 0.83 మిల్లీమీటర్లు.

రెండూ చిన్న దూరాలే. తేడా ఎక్కడుందంటే, మౌస్‌ను ముంజేయి, మణికట్టు, వేళ్లు మూడూ పంచుకుని కదుపుతాయి. పెద్ద మలుపు ముంజేతిది, సన్నని సర్దుబాటు వేళ్లది. టచ్‌ప్యాడ్ మీద అంతా ఒక్క వేలి కొసదే భారం. ఆ కొస ప్యాడ్‌కు ఆనే చోటే సుమారు ఒక సెంటీమీటరు వెడల్పు ఉంటుంది. ప్యాడ్ ఆ ఆనినంత మేర మధ్యబిందువును లెక్కగట్టి, వేలు అక్కడుందని అనుకుంటుంది. వేలు కాస్త ఒరిగినా, కాస్త గట్టిగా ఒత్తినా మధ్యబిందువు జరిగిపోతుంది. గురి కుదిరింది కదా అని పేల్చడానికి నొక్కితే, ఆ నొక్కుడే గురిని పక్కకు తోస్తుంది. టచ్‌ప్యాడ్‌తో షూటింగ్ గేమ్స్ ఆడేవాళ్లు చాలామంది తమ చేతిలో నైపుణ్యం లేదని బాధపడతారు. ఆ మాట వినడం నాకు నిజంగా కష్టంగా ఉంటుంది, ఎందుకంటే వాళ్లు ఓడుతున్నది ఎక్కువగా ఈ కొలతల దగ్గరే.

దీని మీద ఇంకో అడ్డంకి, చాలామందికి కారణం తెలియనిది. W నొక్కి నడుస్తూ పక్కకు చూడబోతే చూపు కదలదు. పాడైపోయిందేమో అనుకుంటారు. టైప్ చేసేటప్పుడు అరచేయి తగిలి కర్సర్ ఎగిరిపోకుండా, కీ నొక్కిన వెంటనే టచ్‌ప్యాడ్‌ను కొద్దిసేపు పట్టించుకోకుండా ఉండే ఏర్పాటు అది. ఉత్తరాలు రాసేవారికి మేలు, ఆడేవారికి గుదిబండ. విండోస్ 11లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, టచ్‌ప్యాడ్, ట్యాప్స్ అన్న వరుసలో వెళ్తే టచ్‌ప్యాడ్ సెన్సిటివిటీ అని కనిపిస్తుంది. దాన్ని ‘మోస్ట్ సెన్సిటివ్’కు మారిస్తే ఈ ఆలస్యం తగ్గుతుంది. మౌస్ కొనేలోగా కనీసం ఇదైనా చేసుకోండి. అయితే ఎడమ, కుడి క్లిక్‌లు ఒకేసారి నొక్కలేకపోవడం అనే లోటు మాత్రం సెట్టింగ్‌లతో తీరదు. కుడి క్లిక్ పట్టుకుని గురి చూస్తూ ఎడమ క్లిక్‌తో పేల్చడం సగం ఆటల్లో ప్రాణాధారం. ప్యాడ్ మొత్తం ఒకే బటన్‌లా కిందికి దిగే నేటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అది చేతకాదు.

మరి ఏ పరికరం ఎంత మేలు? దీనికి పాత, నమ్మదగిన కొలత ఒకటుంది. 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, గురి దూరం పెరిగేకొద్దీ, వెడల్పు తగ్గేకొద్దీ దాన్ని అందుకోవడానికి పట్టే కాలం ఎలా పెరుగుతుందో సూత్రం కట్టాడు. ఆ కష్టాన్ని బిట్లలో కొలుస్తారు. సెకనుకు ఎన్ని బిట్లు దాటించగలిగితే పరికరం అంత చురుకైనదన్నమాట. 2001లో స్కాట్ మెకెంజీ, మరో ఇద్దరు పరిశోధకులు నాలుగు పరికరాలను ఇలా పోల్చారు. మౌస్‌కు 4.9 బిట్లు, ట్రాక్‌బాల్‌కు 3.0, టచ్‌ప్యాడ్‌కు 2.9, జాయ్‌స్టిక్‌కు 1.8 వచ్చాయి.

ఈ అంకెలను సెకన్లలోకి మార్చి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. తెర మీద 15 సెంటీమీటర్ల దూరంలో ఒక సెంటీమీటరు వెడల్పున్న గురి ఉందనుకోండి. సూత్రం ప్రకారం దాని కష్టం సరిగ్గా 4 బిట్లు. మౌస్‌తో అక్కడికి చేరడానికి 0.82 సెకన్లు. టచ్‌ప్యాడ్‌తో 1.38. జాయ్‌స్టిక్‌తో 2.22. మౌస్‌కూ టచ్‌ప్యాడ్‌కూ మధ్య అర సెకను పైన తేడా. కంటికి కనిపించినదానికి చేయి స్పందించడానికే మనిషికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది కాబట్టి ఆటలో అర సెకను చిన్న సంగతి కాదు. ఇరవై ఏళ్ల కిందటి టచ్‌ప్యాడ్‌ల కంటే ఇప్పటివి మెరుగే. ఆ ప్రయోగం కూడా ఆట మీద కాదు, గురులను క్లిక్ చేయడం మీద జరిగింది. అయినా వరుస క్రమం నా దృష్టిలో ఇప్పటికీ అదే.

ఆ వరుసలో చివరి అంకె దగ్గర ఆగాలి. ల్యాప్‌టాప్‌తో ఇబ్బంది పడుతున్నవాళ్లకు స్నేహితులు మొదట ఇచ్చే సలహా కంట్రోలర్ కొనుక్కోమని. గురి చూడటం ఒక్కటే లెక్కకు తీసుకుంటే కంట్రోలర్ మీది జాయ్‌స్టిక్, అంటే స్టిక్కు, టచ్‌ప్యాడ్ కంటే కూడా వెనకబడింది! కారణం దాని పని తీరులోనే ఉంది. మౌస్‌ను ఎంత దూరం జరిపితే చూపు అంత దూరం జరుగుతుంది. స్టిక్కును ఎంత వంచితే చూపు అంత వేగంతో తిరుగుతూనే ఉంటుంది, బండి యాక్సిలరేటర్‌లాగా. సరిగ్గా ఎప్పుడు వదలాలో చేతికి తెలియాలి. అందుకే కాల్ ఆఫ్ డ్యూటీ, ఎపెక్స్ లెజెండ్స్ లాంటి ఆటలు కంట్రోలర్ పట్టుకున్నవాళ్లకు ఎయిమ్ అసిస్ట్ ఇస్తాయి. గురి దగ్గరికి రాగానే ఆటే చేయి పట్టుకుంటుంది. పీసీలో వాలొరంట్ అసలు కంట్రోలర్‌నే ఒప్పుకోదు. ఆ ఆట కోసం ఐదారు వేలు పెట్టి కంట్రోలర్ కొనబోతున్న కుర్రాడు మీ ఇంట్లో ఉంటే ఆ డబ్బు వెంటనే ఆపండి.

అలాగని కంట్రోలర్‌ను తక్కువ చేయలేం. దాని బలం గురిలో కాదు, నడకలో, వేగంలో ఉంది. కీబోర్డు మీది కీకి రెండే స్థితులు, నొక్కడం, వదలడం. కంట్రోలర్ ట్రిగ్గర్‌కు 0 నుంచి 255 వరకు 256 మెట్లు. రేసింగ్ ఆటలో మలుపు తిరుగుతూ బ్రేకు సగమే వేయాలంటే కీబోర్డుతో టకటకా నొక్కుతూ వదలడమే దారి. ట్రిగ్గర్‌తో వేలు ఎంత వరకు దిగితే బ్రేకు అంత వరకే పడుతుంది. స్టిక్కు ఒక్కో దిశలో సుమారు 32,767 మెట్లు చెబుతుంది. అయితే మధ్యలో వదిలేసినప్పుడు స్టిక్కు పూర్తిగా నిలకడగా ఉండదు కాబట్టి, ఎడమ స్టిక్కుకు మొదటి 7,849 మెట్లను లెక్కలోకి తీసుకోవద్దని మైక్రోసాఫ్ట్ ఆట తయారీదారులకు సూచిస్తుంది. అంటే దాదాపు నాలుగో వంతు కదలిక గాలిలో పోతున్నట్టే. స్టీరింగ్ మందకొడిగా ఉందనిపిస్తే ఆట సెట్టింగ్స్‌లో డెడ్‌జోన్, అంటే ఇలా వదిలేసే మేర, తగ్గించి చూడండి, అంతలోనే తేడా తెలుస్తుంది. ఫుట్‌బాల్, కార్లు, కత్తియుద్ధాలు, ఎల్డెన్ రింగ్ లాంటి ఆటలకు కంట్రోలర్‌కు సాటి లేదు.

ఇక డబ్బు సంగతి. మౌస్ డబ్బా మీద 16,000 డీపీఐ, 8,000 హెర్ట్జ్ అని పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. వాటిని మన లెక్కలోనే పరీక్షిద్దాం. 20 మీటర్ల దూరంలోని ఆ తల 0.57 డిగ్రీలు, ఒక్కో కౌంటు 0.022 డిగ్రీలు అనుకున్నాం. అంటే 800 డీపీఐ మౌస్ ఆ తల వెడల్పును అప్పటికే 26 భాగాలు చేస్తోంది. అంతకంటే సన్నగా కోసినా చేతి వణుకే దానికి అడ్డు. నాలుగైదు వందల రూపాయల వైరు మౌస్‌లు కూడా 800, 1000 డీపీఐ ఇస్తాయి.

హెర్ట్జ్ సంగతీ అంతే. మామూలు మౌస్ సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి తన స్థానం చెబుతుంది. సగటు ఆలస్యం 4 మిల్లీసెకన్లు. 1000 హెర్ట్జ్ మౌస్‌కు అది అర మిల్లీసెకను. 60 హెర్ట్జ్ తెర కొత్త బొమ్మ చూపేదే 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి కాబట్టి ఈ మూడున్నర మిల్లీసెకన్ల లాభం అందులో ఐదో వంతు మాత్రమే. 144 హెర్ట్జ్ తెరకు బొమ్మ గడువు 6.9 మిల్లీసెకన్లు, అక్కడ 1000 హెర్ట్జ్‌కు అర్థం ఉంది. 8,000 హెర్ట్జ్‌తో అదనంగా దక్కేది సగటున అర మిల్లీసెకను కూడా ఉండదు. టచ్‌ప్యాడ్ నుంచి మామూలు మౌస్‌కు మారితే అర సెకను దక్కుతుందన్న పై లెక్క పక్కన పెట్టి చూడండి. లాభమంతా మొదటి ఐదు వందల్లోనే ఉంది. తర్వాతి ఐదు వేలకు మిగిలేది పిప్పి. ఆ డబ్బుంటే ముందు 45 సెంటీమీటర్ల వెడల్పున్న మౌస్‌ప్యాడ్ కొనండి. 26 సెంటీమీటర్లు చేయి జరపాల్సినప్పుడు 20 సెంటీమీటర్ల ప్యాడ్ మీద ఆడితే మళ్లీ ఎత్తి పెట్టే బాధే.

మౌస్ తెచ్చిన రోజునే విండోస్‌లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ తీసేయండి. అది ఉంటే వేగంగా జరిపినప్పుడు ఒక దూరం, నెమ్మదిగా జరిపినప్పుడు మరో దూరం వస్తుంది, చేతికి కొలత అలవడదు. పాయింటర్ వేగం 11 గీతల్లో 6వ దగ్గర ఉంచండి. కొత్త షూటర్లలో చాలావరకు ఈ సెట్టింగ్‌లను దాటేసి మౌస్‌ను నేరుగా చదువుకుంటాయి, పాత ఆటలు మాత్రం వీటికి లోబడతాయి. వాలొరంట్‌లో ఒక్కో కౌంటుకు 0.07 డిగ్రీలు. కౌంటర్-స్ట్రైక్ అంకెను 3.18తో భాగిస్తే అక్కడ అదే కొలత వస్తుంది. ఒకసారి 50 సెంటీమీటర్ల దగ్గర కుదుర్చుకున్నాక ఓడిన ప్రతిసారీ దాన్ని మార్చొద్దు.

హాస్టల్లో పైమంచం మీద పడుకుని ఆడేవారికి మౌస్‌కు చోటే ఉండదు. ట్రాక్‌బాల్ ఆ చోటు సమస్య తీరుస్తుంది గానీ 3.0 బిట్ల దగ్గర అది టచ్‌ప్యాడ్ పక్కనే నిలుస్తుంది. ప్లేస్టేషన్ కంట్రోలర్లలో ఉండే గైరోను, అంటే చేతి తిరుగుడును పసిగట్టే సెన్సర్‌ను, పీసీ ఆటల వేదిక స్టీమ్ ద్వారా వాడుకుని, మణికట్టు తిప్పి సన్నని గురి సర్దుకోవడం నాకు వీటన్నిటికంటే మంచి మార్గమనిపిస్తుంది. 2022లో వచ్చిన, చేత్తో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్‌లో కూడా గైరో ఉంది. దానికి తోడు 32.5 మిల్లీమీటర్ల చదరపు టచ్‌ప్యాడ్‌లు రెండున్నాయి. బొటనవేలి కింద ఉండి, కదిలినప్పుడల్లా చిన్న కంపనంతో జవాబిచ్చే ఆ ప్యాడ్‌లు ల్యాప్‌టాప్ ప్యాడ్‌తో పోల్చదగినవి కావు.

చదరంగం, సివిలైజేషన్ లాంటి వంతులవారీ ఆటలకు ఏమీ కొననక్కర్లేదు, ఆలోచించేవారికి అర సెకను లెక్కలోది కాదు. 2006లో వచ్చి మన ఇంజినీరింగ్ హాస్టళ్లలో ఏళ్ల తరబడి ఆడిన ఈఏ క్రికెట్ 07కు కీబోర్డు ఒక్కటే చాలు. కొత్త క్రికెట్ ఆటల్లో మాత్రం షాట్ దిశ స్టిక్కు వంపును బట్టి ఉంటుంది కాబట్టి అక్కడ కంట్రోలర్ పెట్టుబడి వృథా పోదు. చవక గేమ్‌ప్యాడ్ కొంటే ఒకటి చూసుకోండి. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో వచ్చిన ఎక్స్‌ఇన్‌పుట్ పద్ధతిలో పనిచేస్తుందా, పాత డైరెక్ట్‌ఇన్‌పుట్‌లోనేనా అని అడగండి. కొన్నింటికి వెనక ఎక్స్, డి అని మీట ఉంటుంది, దాన్ని ఎక్స్ వైపు తోయండి. మీట లేని పాతరకం ప్యాడ్ ఆటకు కనిపించకపోతే స్టీమ్‌లోని కంట్రోలర్ సెట్టింగ్స్‌లో స్టీమ్ ఇన్‌పుట్ ఆన్ చేసి, ఆటను అక్కడి నుంచి తెరవండి.